స్పోర్ట్స్ డే వాలంటీర్లంటే నీళ్ల బాటిళ్లు మోసేవాళ్లేనా? పిల్లలకి అసలు పని ఏమిద్దాం?

ఉప్పల్_పీఈటీ
ప్రైవేట్ హైస్కూల్. ఆరు నుంచి పది దాకా 620 మంది, నాలుగు హౌసులు, పీఈటీ (ఆటల టీచర్) ఒక్కడు. జనవరిలో స్పోర్ట్స్ డే. గ్రౌండ్‌లో 200 మీటర్ల ట్రాక్ పడుతుంది, పక్కన రెండు కబడ్డీ కోర్టులు, ఒక ఖోఖో కోర్టు, లాంగ్ జంప్ గుంట. కెప్టెన్లు, వైస్ కెప్టెన్లు కలిపి ఎనిమిది మంది, వాలంటీర్లు నలభై మంది. కెప్టెన్లకి మార్చ్‌పాస్ట్‌లో జెండా పట్టుకోవడం తప్ప పని లేదు. వాలంటీర్లంతా వెళ్లి ఫినిష్ లైన్ దగ్గర మూగుతారు. సెకండ్ ఎవడో థర్డ్ ఎవడో తేలదు, పేరెంట్స్ ఫోన్‌లో వీడియో పట్టుకుని వస్తారు. పిల్లలకి పూర్తిగా వదిలేయదగ్గ పనులేవి, అస్సలు వదలకూడనివేవి? ఎలా ఎంచుకోవాలి, ఎన్నాళ్లు నేర్పాలి?

కూకట్‌పల్లి_కిట్టు
ముందు ఆ బ్యాడ్జీలు పీకెయ్యండి, సగం జబ్బు తగ్గుతుంది.

ట్రాక్_టైమర్
ఫినిష్ లైన్ సంగతి ముందు చూద్దాం, గొడవలన్నీ పుట్టేది అక్కడే.

నలుగురు పిల్లలు నాలుగు స్థానాలు చూడాలి. ఒక్కొక్కరికి ఒక్కటే. సెకండ్ ప్లేస్ చూసే పాపకి ఫస్ట్ ఎవరో అక్కర్లేదు, చూడకూడదు కూడా. అందరూ అందరినీ చూస్తే అందరూ ఫస్ట్ వచ్చినవాడినే చూస్తారు, మిగతా ముగ్గురి గురించి ఊహలే. ఒక్కొక్కరి చేతిలో తమ స్థానం అంకె రాసిన అట్టముక్క. రన్నర్ గీత దాటగానే వాడి వెంట నడిచి చేతిలో అట్ట పెట్టాలి. వాడు అట్టతో సహా రికార్డర్ దగ్గరికి వెళ్తాడు, చెస్ట్ నంబర్ అక్కడ రాస్తారు. గీత దగ్గర నిలబడి పేర్లు అడగడం మొదలెడితే వెనక హీట్ (తర్వాతి బ్యాచ్ పరుగు) వచ్చి వీళ్లని గుద్దేస్తుంది.

వాచీలు మూడు, మూడూ ఫస్ట్ ప్లేస్ మీదే. మూడింటిలో మధ్యది తీసుకోవాలి. రెండు కలిస్తే ఆ రెండూ చెప్పిందే. ఒక వాచీ ఆగిపోయి రెండే మిగిలితే ఎక్కువ టైమ్ చూపించేది. చేత్తో తీసిన టైమ్‌ని పదో వంతుకి పైకి జరపాలి, 13.41 వస్తే 13.5 రాస్తారు.

పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు, చప్పుడు విని బటన్ నొక్కడం. శబ్దం వంద మీటర్లు రావడానికి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. స్టార్టర్ చెక్క క్లాపర్ వాడితే రెండు పలకలు తాకడం కంటితో చూసి నొక్కాలి. అందుకని పలకల లోపలి వైపు తెల్ల రంగు వేయండి, దూరానికి కనపడుతుంది. ఆపేది ఛాతీ గీతకి చేరినప్పుడు, చెయ్యో తలో చేరినప్పుడు కాదు. టైమర్లు ట్రాక్ బయట, గీతకి సరిగ్గా సూటిగా, కనీసం అయిదు మీటర్ల దూరంలో, మెట్లలాగా వేసిన బెంచీల మీద కూర్చోవాలి.

బోడుప్పల్_అమ్మ
అంత చిన్న పిల్లలకి వాచీలిచ్చి ఫలితం తేలుస్తామంటే మేమెలా నమ్మాలండీ?

ట్రాక్_టైమర్
నమ్మొద్దు మేడమ్, పరీక్ష పెట్టించండి. ఆరో తరగతి పిల్లల్ని పరిగెత్తించి ముగ్గురు టైమర్ల వాచీలు పోల్చాలి. పది రేసుల్లో ఎనిమిదింటికి ముగ్గురి మధ్య తేడా 0.2 దాటకపోతే ఆ జట్టు పనికొస్తుంది. పెద్దవాళ్లకి కూడా ఇదే పరీక్ష పెట్టండి, ఎవరు ఫెయిలవుతారో చూద్దాం.

కబడ్డీ_కూత
కబడ్డీకి ఒక్కో కోర్టుకి ఆరుగురు గావాలె. రెఫరీ ఒకడు, అంపైర్లు ఇద్దరు, స్కోరర్ ఒకడు, అసిస్టెంట్ స్కోరర్లు ఇద్దరు. అందరు అంపైర్ జేస్తమంటరు, అసిస్టెంట్ స్కోరర్ ఎవడు జెయ్యడు. మ్యాచ్ పాడైతదంటే గా పని జెయ్యకనే పాడైతది. ఔటైనోళ్లు సిట్టింగ్ బ్లాక్‌ల ఔటైన వరుసలనే కూసోవాలె, మళ్ల లోపలికి వచ్చేది గూడ గా వరుసలనే. వరుస తప్పిందంటే మంచి రైడర్‌ని ముందుగాల పంపిస్తరు. గది చూసేది అసిస్టెంట్ స్కోరరే. ఎండ్ లైన్ ఎవడు తొక్కిండో చెప్పేది గూడ ఆయనే.

బోనస్ ఎప్పుడిస్తరో అంపైర్లకు బట్టీ పట్టించుండ్రి. ఎదుటి జట్టుల ఆరుగురుకు తక్కువుంటే బోనస్ లేదు. ఒక కాలు బోనస్ లైన్ దాటి ఆనాలె, రెండోది గాల్ల ఉండాలె. ముగ్గురు గానీ అంతకు తక్కువగానీ ఉండి రైడర్‌ని పడితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింట్ ఎక్కువ. రైడ్ 30 సెకన్లు. వాచీ పట్టినోడు ఆట జూసుకుంట నిలవడితే నలభై అయితది.

కోర్టు పెద్ద మగపిల్లలకు 13 బై 10 మీటర్లు, ఆడపిల్లలకు 12 బై 8.

లెక్కల_మేడమ్
200 మీటర్ల ట్రాక్ గీయడం నుంచే పిల్లలకి అప్పజెప్పొచ్చు, పైగా అది నా సిలబస్‌లో ఉన్న లెక్కే.

రెండు నేరు గీతలు 50 చొప్పున, రెండు వంపులు 50 చొప్పున. వంపు కొలిచే రేఖ వ్యాసార్థం 50ని పై (π) తో భాగిస్తే 15.92. మట్టి ట్రాక్‌కి లోపల గట్టు ఉండదు, గీతే ఉంటుంది కాబట్టి గీత నుంచి 20 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. అంటే గీత గీయాల్సిన వ్యాసార్థం 15.72. రెండు మేకులు 50 మీటర్ల దూరంలో పాతి, ఒక్కో మేకు చుట్టూ ఆ పొడవు తిప్పడమే. నూలు తాడు, నైలాన్ తాడు వద్దు, సాగుతాయి. తాడు 30 సెంటీమీటర్లు సాగితే రౌండుకి 1.88 మీటర్లు పెరిగిపోతుంది. స్టీల్ టేపు గానీ బైండింగ్ వైరు గానీ వాడండి.

స్టాగర్, అంటే బయటి లేన్లవాళ్ల స్టార్ట్ గీత ముందుకి జరపడం, చాలామంది అడుగులతో వేస్తారు, లేదా పాత గుర్తులు చూసి వేస్తారు. లేన్ వెడల్పు మీటరైతే ఒక పూర్తి రౌండుకి లేనుకి 6.28 మీటర్లు ముందుకి. అసలు నిబంధన ప్రకారం 1.22 మీటర్ల లేను పెడితే 7.67. ఒక్క వంపే ఉన్న రేసుకి ఇందులో సగం. 4×100 రిలే ఈ ట్రాక్ మీద రెండు రౌండ్లు, మొత్తం లేన్లలోనే పరిగెత్తిస్తే రెట్టింపు. ట్రాక్ పెద్దదైనా చిన్నదైనా ఈ అంకె మారదు. ఎందుకో పిల్లల్నే కనుక్కోమనండి.

కూకట్‌పల్లి_కిట్టు
స్పోర్ట్స్ డేకి కూడా హోంవర్క్ ఇచ్చిన మొదటి మేడమ్.

ముగ్గు_మాస్టారు
గీతలకి సున్నం వాడొద్దు, అందులో పిల్లల చేత అస్సలు వద్దు. చెయ్యి మండుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముగ్గుపిండి చాలు. పొరపాటున సున్నం కంట్లో పడితే రుద్దకుండా 15 నిమిషాలు ఆపకుండా నీళ్లు పోసి, అట్నుంచి అటే ఆసుపత్రికి.

అయిదు సెంటీమీటర్ల గీత, రెండు మిల్లీమీటర్ల మందం వేస్తే పది మీటర్లకి కిలో పైచిలుకు పడుతుంది. మేడమ్ లెక్కతో నాలుగు లేన్లకి అయిదు గీతలు, మొత్తం వెయ్యి మీటర్లు దాటుతుంది. అంటే 25 కిలోల బస్తాలు నాలుగైదు. డబ్బు లేదంటారా, లోపలి గీత నిండుగా, మిగతావి తుంపులుగా. ముందురోజు సాయంత్రం పురికొసతో గుర్తులు, ఉదయం పొడి. రాత్రే వేస్తే మంచుకి, కుక్కలకి సరిపోతుంది.

పదోక్లాస్_నాన్న
ఒక విన్నపం. పదో తరగతి పిల్లల్ని ఇందులోంచి వదిలేయండి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, జనవరి నుంచి ప్రీ ఫైనల్స్.

కూకట్‌పల్లి_కిట్టు
ఎనిమిదిలో ఐఐటీ ఫౌండేషన్, తొమ్మిదిలో అడ్వాన్స్‌డ్ ఫౌండేషన్, పదిలో బోర్డు. ఇక వాలంటీర్లు ఎల్‌కేజీలో దొరకాలి.

పీడీ_తార్నాక
పదోక్లాస్_నాన్న గారి మాటతో ఏకీభవిస్తాను, కారణం మాత్రం వేరు. పదో తరగతి వాడికి నేర్పితే మార్చికల్లా వెళ్లిపోతాడు, వచ్చే ఏడాది మళ్లీ మొదటికొస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోంచి తీసుకోండి. తొమ్మిదివాడు ఈసారి రికార్డర్, వాడి పక్కన ఎనిమిది పాప కూర్చుని చూస్తుంది, వచ్చే ఏడాది ఆ కుర్చీ ఆమెది.

ఎంపిక గురించి. ఆటలో ఫస్ట్ వచ్చేవాణ్ని హౌస్ కెప్టెన్ చేయడం అన్ని స్కూళ్లలో ఉన్న అలవాటే. వాడు వంద మీటర్ల పరుగులో ఉంటాడు, రిలేలో ఉంటాడు, కబడ్డీ ఫైనల్లో ఉంటాడు. మరి హౌస్ పని ఎప్పుడు చూస్తాడు?

ఓల్డ్‌సిటీ_గోలీ
మేడమ్, పిల్లలు మాట వినేది ఆడేవాడి మాటే. స్కోర్ షీట్ బాగా రాస్తాడని ఒకణ్ని కెప్టెన్ చేస్తే డ్రెస్సింగ్ రూమ్‌లో వాణ్ని ఎవడు లెక్కచేస్తాడు? మైదానంలో ఇజ్జత్ ఉన్నోడే నడిపించాలి.

పీడీ_తార్నాక
అందుకే రెండు పదవులు వేరు చేయాలి. ఆట ఆటకీ ఒక జట్టు కెప్టెన్, వాడు ఆడేవాడే, ఇజ్జత్ అంతా వాడిదే. హౌస్ మొత్తానికి ఒక మేనేజర్, ఎంట్రీలన్నీ చూసేది ఆ పిల్లో పిల్లాడో. క్లాసు ముగ్గురిని ఓటుతో పంపుతుంది, ఆ ముగ్గురికీ ఒకే పని ఇవ్వండి: హౌస్‌లో ఉన్న 155 మందిలో ఎవరు ఏ ఈవెంట్‌లో దిగాలో జాబితా. ఈవెంట్‌కి హౌస్ నుంచి ఇద్దరే, ఒక్కొక్కరికీ మూడు ఈవెంట్లకి మించకూడదు. అయిదు రోజుల గడువు. ఒకడు దోస్తుల పేర్లే మూడేసి సార్లు రాస్తాడు. ఒకమ్మాయి 6-బి కి వెళ్లి ఎవరు దూకగలరో కనుక్కుని వస్తుంది. ఇంటర్వ్యూ అక్కర్లేదు, కాగితమే చెప్పేస్తుంది.

ఓల్డ్‌సిటీ_గోలీ
ఓటు పెడితే చాక్లెట్లు పంచినోడే గెలుస్తాడు. కానీ ముగ్గురిని పంపి, ఆ పైన పనితో తేల్చడం ఠీక్ హై, ఒప్పుకున్నా.

ఉప్పల్_పీఈటీ
కబడ్డీకి ఏ హౌస్ పిల్లలు అంపైరింగ్ చేయాలి? సొంత హౌస్ ఆడుతుంటే కుదరదు కదా.

కబడ్డీ_కూత
నాలుగు హౌసులంటే లీగ్ ఆరు మ్యాచులు, మూడు రౌండ్లు. రౌండ్ ఒకటి రెడ్-ఎల్లో, బ్లూ-గ్రీన్. రెండు రెడ్-గ్రీన్, ఎల్లో-బ్లూ. మూడు రెడ్-బ్లూ, గ్రీన్-ఎల్లో. రెండు మ్యాచులు ఒక్కసారే పెట్టకుండ్రి, ఒకదాని ఎన్క ఒకటి పెట్టుండ్రి. రెండు హౌసులు ఆడుతుంటె మిగిలిన రెండు హౌసులు పని చూస్తయి. అంపైర్ ఒకడు గీ హౌస్, ఒకడు గా హౌస్. ఒకే హౌస్ నుంచి ఇద్దరినీ పెడితే పాయింట్ల పట్టిక జూసుకుంట విజిల్ ఊదుతరు.

లెక్కల_మేడమ్
క్లాసుల మధ్య నాకౌట్ పెడితే బైల (మొదటి రౌండు ఆడకుండానే పైకి వెళ్లే జట్ల) లెక్క కూడా పిల్లలే వేయగలరు. 11 జట్లయితే దాని పైనున్న రెండు ఘాతం 16, తేడా 5, కాబట్టి అయిదు బైలు. మ్యాచులు ఎప్పుడూ జట్ల కంటే ఒకటి తక్కువ, పది. బైలన్నీ డ్రాలో ఒకే సగంలోకి పోకుండా రెండు సగాలకీ పంచాలి, లేదంటే ఒక జట్టు చెమట పట్టకుండానే సెమీస్‌లో తేలుతుంది.

బోడుప్పల్_అమ్మ
ఎనిమిదో తరగతి పిల్లాడు పదో తరగతి వాణ్ని ఔట్ అంటే వాడు వింటాడా?

పీడీ_తార్నాక
వినడు. అందుకే ఆరు, ఏడు తరగతుల మ్యాచులకి రెఫరీతో సహా అందరూ తొమ్మిదివాళ్లే. తొమ్మిది, పది మ్యాచులకి రెఫరీగా టీచర్, మిగతా అయిదుగురూ పిల్లలు. టీచర్లు ఒకటి పాటించాలి: పిల్ల అంపైర్ చెయ్యెత్తాక అందరి ముందూ ఆ నిర్ణయం మార్చకూడదు. తప్పయితే హాఫ్ టైమ్‌లో పక్కకి పిలిచి చెప్పండి. ఒకసారి మారిస్తే ఆ తర్వాత ప్రతి పాయింట్‌కీ ఆటగాళ్లు మీ మొహం వైపే చూస్తారు, అంపైర్ విజిల్ వినరు. మినహాయింపులు రెండే, ఎవరికైనా దెబ్బ తగిలే పరిస్థితి, స్కోర్ షీట్‌లో కూడిక తప్పు.

పదోక్లాస్_నాన్న
అంటే తప్పు నిర్ణయంతో ఒక హౌస్ ఓడిపోయినా ఊరుకోవాలా? ఇది నాకు నచ్చలేదు.

ట్రాక్_టైమర్
ఊరుకోనక్కర్లేదు, దానికి దారుంది. అథ్లెటిక్స్ నిబంధనల్లో ఫలితం ప్రకటించాక 30 నిమిషాల్లోపు ప్రొటెస్ట్ చేయొచ్చు. మీ స్కూల్‌లో అదే పెట్టండి. హౌస్ మేనేజర్ మాత్రమే, కాగితం మీద, ఏ ఈవెంట్, ఏ హీట్, ఏం తప్పు అని మూడు వాక్యాల్లో రాసి జ్యూరీ టేబుల్‌కి ఇవ్వాలి. జ్యూరీలో ఇద్దరు టీచర్లు, ఆ ఈవెంట్‌లో లేని హౌస్ పిల్ల ఒకరు. పేరెంట్ వీడియో చూడరు. కెమెరా గీతకి సూటిగా లేకపోతే పక్క నుంచి తీసిన వీడియో అబద్ధం చెబుతుంది, కెమెరా గీతకి ఇవతల ఉంటే దగ్గర లేనువాడు, గీత దాటి ఉంటే దూరం లేనువాడు ముందున్నట్టు కనపడతాడు.

ఉప్పల్_పీఈటీ
వీడియో గురించి మీరు చెప్పిన ఆ ముక్క గ్రూప్‌లో పెట్టేస్తున్నా. లాంగ్ జంప్‌కి?

ట్రాక్_టైమర్
అయిదుగురు. కాలు పెట్టి దూకే బోర్డు దగ్గర ఒకరు ఎరుపు, తెలుపు జెండాలతో. టేపుకి ఇద్దరు. ఇసుక చదును చేయడానికి ఒకరు, రాయడానికి ఒకరు. టేపు సున్నా కొస ఇసుకలో ఉండాలి, అంకె బోర్డు దగ్గర చదవాలి. తిరగేసి పట్టుకుంటే ఇసుక వైపువాడు వంగి అంకె చదువుతూ గుర్తుని తొక్కేస్తాడు. శరీరంలో ఏ భాగమైనా సరే, బోర్డుకి దగ్గరగా ఇసుకని కదిపిన చోటే కొలత, అక్కణ్నుంచి టేకాఫ్ గీతకి లంబంగా. వెనక్కి చెయ్యి ఆనించి కూర్చున్నవాడికి పాదం గుర్తు చూసి కొలిచేస్తుంటారు, అది తప్పు. సెంటీమీటర్‌లోపు ముక్కని వదిలేయాలి. టైమ్ పైకి, దూరం కిందికి. కొలిచి, రాసినవాడు అంకె పైకి చదివి వినిపించాకే ఇసుక చదును చేయాలి. ఈ వరుస తప్పితే సాక్ష్యం పోయినట్టే.

ఖోఖో_పోల్
ఖోఖోకి ఇద్దరు అంపైర్లు, రెఫరీ, టైమ్ కీపర్, స్కోరర్. పరిగెత్తేవాళ్లు ముగ్గురేసి బ్యాచ్‌లుగా వస్తారు, ఆ వరుస టర్న్ మొదలవకముందే స్కోరర్ దగ్గర రాయించుకోవాలి, ఆ టర్న్‌లో మార్చకూడదు. పోల్ ఎత్తు 120 నుంచి 125 సెంటీమీటర్లు, పైన అంచులు నున్నగా ఉన్నాయో లేదో పొద్దున్నే చేత్తో తడిమి చూసే పని ఒక వాలంటీర్‌కి పెట్టండి.

నర్సమ్మ_సైనిక్‌పురి
పిల్లలకి ఏం వదలకూడదో ఎవరూ చెప్పలేదు. షాట్‌పుట్ దగ్గర సెక్టార్‌లోకి (గుండు పడే చోటుకి) పిల్లలు పోవద్దు. గుండు తెచ్చేది పెద్దవాళ్లు, అది కూడా చేత్తో మోసుకుంటూ. వెనక్కి విసరడం, దొర్లించడం రెండూ లేవు. స్టార్టింగ్ పిస్టల్ పిల్లల చేతికి ఇవ్వకూడదు. మెడ, వీపు మీద పడినవాణ్ని ఎవరూ లేపకూడదు. ఫస్ట్ ఎయిడ్ వాలంటీర్ పని అక్కడే నిలబడి చెయ్యెత్తడం, జనాన్ని ఆపడం, అంతే.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటర్ నీళ్లకి, మొత్తం ఒకేసారి కలపాలి. అర ప్యాకెట్ గ్లాసులో వేసి ఇవ్వడం కనపడుతుంటుంది, ఉప్పు ఎక్కువై ఇంకా దప్పికేస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లల జాబితా, వాళ్ల ఇన్‌హేలర్లు టేబుల్ మీద ఉండాలి. ఆ పిల్లల్ని గీతలు వేసే పనికి పెట్టకండి, రికార్డర్‌గానో అనౌన్సర్‌గానో కూర్చోబెట్టండి. కిట్‌లో శానిటరీ ప్యాడ్లు మర్చిపోవద్దు.

పీడీ_తార్నాక
ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి. మెడల్ ట్రే పట్టుకోవడం, బొకే ఇవ్వడం, చీఫ్ గెస్ట్‌కి బొట్టు పెట్టడం, ఇవన్నీ వాళ్లకే రాసేస్తారు. ఈసారి ట్రే మగపిల్లలకివ్వండి. వాచీలు, స్కోర్ షీట్లు, మగపిల్లల కబడ్డీకి అంపైరింగ్ ఆడపిల్లలకి. డ్యూటీ చార్ట్ రాశాక పేర్లు మూసి పనులు మాత్రం చదవండి, ఎక్కడ ఏం జరిగిందో తెలిసిపోతుంది.

ఓల్డ్‌సిటీ_గోలీ
చీఫ్ గెస్ట్ రెండు గంటలు లేటొస్తే పిల్లలు ఎండలో నిలబడ్డం, దానికేం రూలు ఉంది సార్?

కూకట్‌పల్లి_కిట్టు
చీఫ్ గెస్ట్‌కి కూడా చెస్ట్ నంబర్ ఇవ్వాలి. లేటైతే డిస్‌క్వాలిఫై.

ట్రాక్_టైమర్
నలభై మంది సరిపోతారా అన్నది ఇంకా తేలలేదు, లెక్కేద్దాం. రన్నర్లని పిలిచి వరుసలో నిలబెట్టే చోట నలుగురు, స్టార్ట్ దగ్గర ఇద్దరు, ఫినిష్ జడ్జిలు నలుగురు, వాచీలు ముగ్గురు, రికార్డర్ ఒకరు, ఫలితం చీటీ అనౌన్సర్‌కి మోసేవాళ్లు ఇద్దరు. 16. లాంగ్ జంప్ 5, కబడ్డీ రెండు కోర్టులకి 12, ఖోఖో 5, ఫస్ట్ ఎయిడ్, నీళ్లు కలిపి 4. మొత్తం 42. పైగా వాళ్లూ ఆడతారు, తింటారు. కాబట్టి అన్నీ ఒకే రోజు పెట్టొద్దు. కబడ్డీ, ఖోఖో లీగ్ నవంబర్, డిసెంబర్ గేమ్స్ పీరియడ్లలో పూర్తి చేయండి, ఆ రోజుకి ఫైనల్స్ మాత్రమే. గంటన్నర షిఫ్టు, తన ఈవెంట్‌కి అరగంట ముందు ఏ పిల్లకీ డ్యూటీ ఉండకూడదు. నేర్పడానికి అయిదు గేమ్స్ పీరియడ్లు చాలు, లీగ్ మ్యాచులే అసలు ప్రాక్టీసు.

ముగ్గు_మాస్టారు
చీటీలు కార్బన్ పెట్టి రెండు కాపీలు. ఒకటి అనౌన్సర్‌కి, ఒకటి రికార్డర్ దగ్గరే. చీటీ జేబులో పెట్టుకుని సమోసాకి పోయేవాడు ప్రతి స్కూల్‌లో ఒకడుంటాడు.

బోడుప్పల్_అమ్మ
ఇంత చేసిన పిల్లలకి సర్టిఫికెట్ ఏమైనా ఉంటుందా?

పీడీ_తార్నాక
సీబీఎస్ఈలో తొమ్మిది నుంచి పన్నెండు దాకా హెల్త్ అండ్ ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో సేవా అని ఒక భాగం ఉంది, ఈ పనిని అందులో చూపించొచ్చు. మిగతా స్కూళ్లు సొంతంగా ఇచ్చుకోవాలి. 'పాల్గొన్నాడు' అని మాత్రం రాయకండి. 'టైమ్ కీపర్, 100 మీటర్లు, 12 హీట్లు' అని రాయండి.

ఓల్డ్‌సిటీ_గోలీ
పీఈటీ అంటే ఖాళీగా ఉండేవాడు అనుకునే మేనేజ్‌మెంట్లకి ఒక మాట. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ గోల్డ్ తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మన హైదరాబాద్‌లో బడి టీచరే.

ఉప్పల్_పీఈటీ
చార్ట్ మొదలెట్టా. 9వ తరగతి 24, 8వ తరగతి 24, సగం ఆడపిల్లలు. ట్రేకి మగపిల్లలే. ఒక్క డౌటు, 48 మందికీ విజిల్స్ కొనాలా?

కబడ్డీ_కూత
వద్దే వద్దు. కబడ్డీకి, ఖోఖోకి రెఫరీ, అంపైర్లకే, ఎవరి విజిల్ వాళ్లకే, ఒకడు ఊదింది ఇంకొకడు ఊదొద్దు. ట్రాక్ మీద క్లాపర్, లాంగ్ జంప్‌కు జెండాలు. అందరి మెడల విజిల్ ఏసినవంటే, ట్రాక్ మీద ఎవడో ఊదితే ఇక్కడ రైడర్ ఆగిపోతడు. కోఠిల ప్లాస్టిక్‌వి తీస్కో, లోపల గోలీ లేనివి.